ఈ-రీడర్‌లో తెలుగు పఠనం: పుట, పాదం, ప్రతి

ఉపోద్ఘాతం

కవి, కావ్యం, సహృదయుడు అనే మూడింటిని ఆధారం చేసుకొని మన విమర్శ నడిచింది. సహృదయుని సంస్కారం గురించి, వాసన గురించి, రసానుభవం గురించి ఆలంకారికులు ఎంతో చర్చించారు. అయితే ఆ సహృదయుడు కావ్యాన్ని ఏ వస్తువు మీద చదువుతున్నాడు, ఆ వస్తువు అతని చదువును ఏ విధంగా మలుస్తున్నది అన్న ప్రశ్నకు దక్కిన చోటు స్వల్పం. తాళపత్రం నుంచి అచ్చుపుస్తకానికి మారినప్పుడు ఈ ప్రశ్న వేసుకోవలసింది. ఆ మార్పు తరాల మీదుగా సాగడం వల్ల అది పాఠకుని అనుభవంగా నమోదు కాలేదు. అచ్చుపుస్తకం నుంచి తెరకు జరుగుతున్న మార్పు ఒకే పాఠకుని జీవితకాలంలో, ఒక్కోసారి ఒకే రోజులో జరుగుతున్నది. ఉదయం అచ్చుప్రతిలో చదివిన కావ్యాన్నే రాత్రి ఈ-రీడర్‌లో కొనసాగించే పాఠకునికి రెండు పఠనాల మధ్య భేదాన్ని గమనించే అవకాశం ఉంది.

ఈ-పుస్తకాల గురించి తెలుగులో వినిపించే మాటలు సాధారణంగా రెండు ధ్రువాల వద్ద ఆగిపోతాయి. ఒకటి, కొత్త కాగితపు వాసనను, పుట తిప్పే స్పర్శను తలచుకొనే విచారం. రెండవది, వేయి పుస్తకాలు ఒక అరచేతిలో ఇముడుతాయన్న సంబరం. వాసన గ్రంథానిది కాదు, కాగితానిది. వేయి పుస్తకాలు ఇముడుతాయన్నది నిల్వకు సంబంధించిన సంగతి, పఠనానికి సంబంధించినది కాదు. ఈ రెండింటినీ పక్కనబెట్టి, తెలుగు పాఠం ఈ-రీడర్‌లోకి వచ్చినప్పుడు దానికి ఏమవుతున్నది, దానిని చదివే అలవాటు ఎలా మారుతున్నది అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆధారం ప్రధానంగా ఈ వ్యాసకర్త స్వీయ పఠనం. ఒక వ్యక్తి అలవాట్లు సార్వత్రిక సూత్రాలు కాజాలవు. కానీ ఆ అలవాట్లకు లిపి, ఛందస్సు, సంధి, గ్రంథస్వామ్య చట్టం వంటి వ్యక్తికి అతీతమైన కారణాలు ఉన్నప్పుడు వాటిని విమర్శ పరిధిలోకి తీసుకోవడం సమంజసం.

పరికరం, దాని స్వభావం

ఇక్కడ ఈ-రీడర్ అంటే ఫోను కాదు, టాబ్లెట్ కాదు. విద్యుత్ సిరా తెర గల, చదవడానికి మాత్రమే పనికివచ్చే పరికరం. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ పరిశోధనల నుంచి 1997లో ఈ-ఇంక్ సంస్థ ఏర్పడింది. 2004లో సోనీ జపానులో లిబ్రియే అనే పరికరాన్ని, 2007లో అమెజాన్ కిండిల్‌ను విడుదల చేశాయి. ఈ తెరలోని సూక్ష్మకోశాలలో విద్యుదావేశం గల నల్లని, తెల్లని కణాలు పైకి, కిందికి కదలి అక్షరాన్ని ఏర్పరుస్తాయి. ఒకసారి ఏర్పడిన అక్షరం నిలవడానికి విద్యుత్తు అవసరం లేదు. అది కాగితం వలె బయటి వెలుతురును ప్రతిఫలిస్తుంది. అందువల్ల గంటల తరబడి చదివినా కళ్ళకు శ్రమ తక్కువగా తోస్తుంది.

ఈ పరికరంలో పాఠం రెండు రూపాలలో కనిపిస్తుంది. ఒకటి స్థిరపుట. అచ్చుపుటను ఛాయాచిత్రంగా తీసి పీడీఎఫ్‌గా కూర్చిన ప్రతి ఈ కోవకు చెందుతుంది. రెండవది ప్రవాహపాఠం. 2007లో ప్రమాణంగా వచ్చిన ఈపబ్ వంటి రూపాలలో అక్షరాలు సంకేతాలుగా ఉంటాయి. పాఠకుడు అక్షరాల పరిమాణం పెంచితే పంక్తులు తామే సర్దుకొంటాయి. అందులో శాశ్వతమైన పుట అంటూ లేదు. ఆంగ్ల పాఠకుడు ఈ-రీడర్ అనగానే తలచేది ప్రవాహపాఠాన్ని. తెలుగు పాఠకునికి దక్కేది ఎక్కువగా స్థిరపుట. ఈ భేదాన్ని పట్టించుకోకుండా ఆంగ్ల పఠనంపై వచ్చిన సిద్ధాంతాలను మనకు అన్వయించడం సరికాదు.

స్థిరపుట: బొమ్మగా మారిన గ్రంథం

తెలుగు గ్రంథాలు పెద్దయెత్తున తెర మీదికి రావడానికి మూలం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన సంగణక శాస్త్రవేత్త రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపిన పదిలక్షల పుస్తకాల ప్రణాళికలో భాగంగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ తోడ్పాటుతో ఇది సాగింది. అందులోని ప్రతులు తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ చేరాయి. 1924 నుంచి 1991 వరకు వెలువడిన ‘భారతి’ సంచికలను ప్రెస్ అకాడమీ ఈ విధంగానే అందుబాటులోకి తెచ్చింది. ఒకప్పుడు వేటపాలెం సారస్వత నికేతనానికో, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికో వెళ్ళి కూర్చుంటే తప్ప చూడలేని గ్రంథాలు ఇప్పుడు పరిశోధక విద్యార్థి చేతికి అందుతున్నాయి. ఈ మేలు అసామాన్యమైనది.

అయితే ఈ పుట ఈ-రీడర్‌లో ఎలా కనిపిస్తుంది? సామాన్యంగా వాడే ఆరు అంగుళాల తెర వెడల్పు సుమారు 3.6 అంగుళాలు, ఎత్తు 4.8 అంగుళాలు. డెమ్మీ 1/8 పుస్తకం పుట సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. పుటను పూర్తిగా తెరలో ఇమిడిస్తే అక్షరం సగానికి కొంచెం పైగా మాత్రమే మిగులుతుంది. ఆంగ్లాక్షరం ఈ కుదింపును కొంతవరకు తట్టుకొంటుంది. తెలుగు అక్షరం తట్టుకోలేదు. తలకట్టు, గుడి, గుడిదీర్ఘం, వత్తు అన్నీ ఒకే అక్షరానికి పైన, కింద పేరుకొంటాయి గనుక గుడికీ గుడిదీర్ఘానికీ, ద-ధలకూ మధ్య ఉండే చిన్న గీత ముందుగా మాయమవుతుంది. పరికరాన్ని అడ్డంగా తిప్పితే అక్షరం అచ్చులో ఉన్న దానికి దగ్గరగా వస్తుంది, కానీ ఒక పుట రెండు ముక్కలవుతుంది. ఈ వ్యాసకర్త అలవాటు ఇదే: అడ్డంగా తిప్పి, అంచులు కత్తిరించి, పుటను పై సగం, కింది సగంగా చదవడం. అధోజ్ఞాపికలు ఉన్న గ్రంథాలలో దీని ఫలితం తీవ్రంగా ఉంటుంది. మూలపద్యం పై సగంలో, దాని పాఠాంతరం కింది సగంలో ఉంటాయి. రెండూ ఒకేసారి కంటికి కనిపించవు. పాఠాంతరాన్ని మూలంతో పోల్చి చూడడం అనే క్రియ పాఠాంతరాన్ని గుర్తుంచుకోవడం అనే క్రియగా మారుతుంది. సవ్యాఖ్యాన ప్రతుల విషయంలో ఈ-రీడర్ చేసే పెద్ద అపకారం ఇదే. వ్యాఖ్యానం మూలానికి పక్కనుండే తోడు కాకుండా, విడిగా వెళ్ళి చూడవలసిన మరొక గ్రంథమవుతుంది.

దీనికి మరొక పార్శ్వం ఉంది. ఈ-పుస్తకానికి చరిత్ర ఉండదనీ, ఎవరి చేతిలోనైనా ఒకే రకంగా ఉంటుందనీ అంటారు. బొమ్మప్రతి విషయంలో ఇది నిజం కాదు. గ్రంథాలయపు ముద్ర, ప్రవేశసంఖ్య, గడువు చీటీ, ఎవరో పాఠకుడు పెన్సిలుతో దిద్దిన అచ్చుతప్పు, చెదపురుగు తొలిచిన రంధ్రం, కొన్నిసార్లు పుటను పట్టుకొన్న వేలి నీడ కూడా ప్రతితోపాటు వస్తాయి. మనం చదువుతున్నది ‘మనుచరిత్ర’ను కాదు, ఒకానొక గ్రంథాలయంలోని ఒకానొక ‘మనుచరిత్ర’ ప్రతిని. ఇది వ్రాతప్రతుల పఠనానికి దగ్గరి అనుభవం. అచ్చుయంత్రం ఏకరూపం చేసిన గ్రంథం మళ్ళీ ‘ప్రతి’గా మారింది. లోపించిన పుటలు, తారుమారైన పుటలు కూడా ఈ సామ్యాన్ని బలపరుస్తాయి. అందువల్ల తాళపత్ర పరిష్కర్తకు అవసరమైన ప్రతివివరణ నేటి బొమ్మప్రతి పాఠకునికి కూడా అవసరమవుతున్నది.

ప్రవాహపాఠం: పద్యపాదం ఏమయింది?

ప్రవాహపాఠంలో పుట లేదు అన్నాము. పద్యం విషయంలో పాదం కూడా నిలవదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21, శార్దూలంలో 19, మత్తేభంలో 20. సుఖంగా చదవదగిన అక్షర పరిమాణంలో ఆరు అంగుళాల తెర మీద ఈ పాదం ఒక పంక్తిలో ఇమడదు. రెండు మూడు అక్షరాలు కింది పంక్తికి జారుతాయి. నాలుగు పాదాల పద్యం ఎనిమిది కురుచ పంక్తులుగా, పొడవు పొట్టి ముక్కలుగా కనిపిస్తుంది. అచ్చుపుస్తకంలో నాలుగు పాదాలు ఒకదాని కింద ఒకటి ఉండడం వల్ల ప్రాసాక్షరం నిలువు వరుసలో కంటికి తగులుతుంది. తెర మీద ఆ వరుస చెదిరిపోతుంది.

దీనిని నష్టంగా మాత్రమే లెక్కించడం తొందరపాటు. నాలుగు పంక్తుల పద్యరూపం పద్యానికి సహజమైనదేమీ కాదు. తాళపత్రంలో పదాల మధ్య ఎడం లేకుండా, పాదవిభాగం లేకుండా పద్యం వచనంతో కలిసి ఆకు చివరి దాకా సాగుతుంది. పద్యం మొదలయిందని చెప్పేవి ‘ఉ’, ‘చ’, ‘సీ’ వంటి సంకేతాక్షరాలు మాత్రమే. తొలినాటి అచ్చుపుస్తకాలలో కూడా పద్యాన్ని వచనం వలె కలిపి అచ్చువేయడం కనిపిస్తుంది. పాదాన్ని పంక్తిగా చూపడం అచ్చు స్థిరపడిన తరువాత ఏర్పడిన మర్యాద. నాటి పాఠకుడు పాదాంతాన్ని చెవితో గుర్తించేవాడు, కంటితో కాదు. ఈ-రీడర్‌లో ప్రవాహపాఠంగా ప్రబంధం చదివేటప్పుడు ఈ వ్యాసకర్త గమనించిన ప్రధానమైన మార్పు ఇదే: మౌనంగా చదవడం సాధ్యం కాక పెదవులు కదపవలసి వచ్చింది. పంక్తి పాదాన్ని చూపనప్పుడు యతిస్థానం, ప్రాస మాత్రమే పాదాన్ని చెబుతాయి. అవి వినిపించాలంటే పద్యాన్ని చదవాలి, చూస్తే చాలదు. వృత్తంలో పాదాంతం పదమధ్యంలో పడడం, సమాసం ఒక పాదం నుంచి మరొక పాదంలోకి దూకడం సర్వసాధారణం. అచ్చులో అది విరిగిన పదంగా కనిపిస్తుంది. ప్రవాహపాఠంలో, గొంతు విప్పి చదివితే, సమాసం తెగకుండా వినిపిస్తుంది.

మరొక అంశం గమనించదగినది. తెర కురుచదనం అన్ని ఛందస్సులనూ సమానంగా బాధించదు. కందంలో బేసి పాదాలకు 12 మాత్రలు, సరి పాదాలకు 20 మాత్రలు. ద్విపద, ఆటవెలది, తేటగీతి పాదాలు కూడా చిన్నవి. సీసపాదం పొడవైనదే అయినా రెండు భాగాలుగా విడదీసి అచ్చువేయడం వాడుకలో ఉంది గనుక ఎనిమిది అర్ధపాదాలు తెరలో చక్కగా కూర్చుంటాయి. అంటే ఈ చిన్న తెర దేశి ఛందస్సులకు అనుకూలం, సంస్కృతవృత్తాలకు ప్రతికూలం. ఈ వ్యాసకర్త ఈ-రీడర్‌లో శతకాలనూ ద్విపదకావ్యాలనూ అప్రయత్నంగా పూర్తిచేయగలగడానికి, ప్రౌఢప్రబంధాల కోసం మళ్ళీ మళ్ళీ అచ్చుప్రతి తీయడానికి కారణం రుచిభేదం మాత్రమే కాదు, తెర వెడల్పు కూడా. పాఠకుని అభిరుచి అని మనం పిలిచేదానిలో పరికరం పాలు ఎంత అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది.

అక్షరశుద్ధి, వెదుకులాట

బొమ్మప్రతిని ప్రవాహపాఠంగా మార్చడానికి అక్షరాలను యంత్రం చేత గుర్తింపజేస్తారు. ప-వ, ద-ధ, ధ-థ వంటి పోలిక గల అక్షరాల దగ్గర యంత్రం తడబడుతుంది. పాత అచ్చులోని అరసున్న, బండి ఱ తరచుగా లోపిస్తాయి లేదా మారిపోతాయి. వికీసోర్స్‌లో ఔత్సాహికులు పుట పక్కన పుట పెట్టుకొని దిద్దుతున్నారు. ఇది శ్లాఘనీయమైన కృషి. ఎక్కడ తీసుకొన్నదో తెలియని ప్రతులలో ఆ దిద్దుబాటు జరిగిందో లేదో పాఠకునికి తెలియదు.

పద్యంలో ఛందస్సు ఈ తప్పులను పట్టిస్తుందని నమ్మకం ఉంది. అది పాక్షికంగానే నిజం. వకారం స్థానంలో పకారం పడితే గణం చెడదు. ప, ఫ, బ, భ, వలకు యతిమైత్రి ఉంది గనుక యతిస్థానంలో పడినా తప్పు బయటపడదు. ప్రాసస్థానంలో పడితేనే చెవికి తగులుతుంది. పాదంలో మిగిలిన అక్షరాలన్నింటా అర్థమే కాపలా కాయాలి. అర్థం రెండు విధాలా పొసగినప్పుడు తప్పు పాఠాంతరమై కూర్చుంటుంది. లేఖకదోషాల గురించి పరిష్కర్తలు ఏర్పరచుకొన్న సూత్రాలకు యంత్రదోషాల అధ్యాయం ఒకటి చేర్చవలసిన కాలం వచ్చింది.

ప్రవాహపాఠం వల్ల కలిగే గొప్ప లాభంగా వెదుకులాటను చెబుతారు. ఒక పదం గ్రంథమంతటా ఎక్కడెక్కడ వచ్చిందో క్షణంలో తేలుతుందన్నది ఆశ. తెలుగులో ఈ ఆశకు వ్యాకరణం అడ్డువస్తుంది. ‘కలువ’ అని వెదికితే ‘పూచెను గలువలు’ అన్న చోటు దొరకదు. ద్రుతం మీది పరుషం సరళమయింది. ‘కొట్టె’ అని వెదికితే ‘వాడుగొట్టె’ దొరకదు. ‘ఇల్లు’ అని వెదికితే ‘ఇంట’, ‘ఇళ్ళు’ రెండూ తప్పిపోతాయి. ‘ఇళ్ళు’ అని వెదికితే ‘ఇళ్లు’ అని కూర్చిన చోట్లు తప్పిపోతాయి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో పొల్లు నిలవడం కోసం అక్షరాల నడుమ చేర్చే, కంటికి కనిపించని సంకేతం ఒక ప్రతిలో ఉండి మరొక ప్రతిలో లేకపోతే ఒకే మాట రెండు మాటలవుతుంది. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఆరు సంకేతాల కూర్పు. పరికరం వెదికేది అక్షరాన్ని కాదు, ఆ సంకేతక్రమాన్ని.

కాబట్టి ఒక కావ్యంలో ఫలానా పదం లేదని యంత్రశోధన ఆధారంగా తీర్మానించడం తెలుగులో ప్రమాదకరం. దొరికినవి ఉన్నాయని చెప్పవచ్చు, దొరకనివి లేవని చెప్పరాదు. పదప్రయోగాలపై సిద్ధాంతవ్యాసాలు వ్రాసే వారు, వాటిని పరీక్షించే వారు ఈ నియమాన్ని గుర్తుంచుకోవాలి. ప్రకృతి, సరళాదేశరూపం, గసడదవాదేశరూపం, ఔపవిభక్తికరూపం, లిపిభేదం అన్నింటినీ విడివిడిగా వెదికిన తరువాతనే సంఖ్య చెప్పాలి. ఏ రూపాలను వెదికినదీ వ్యాసంలో పేర్కొనాలి.

గీత గీయడం, గుర్తుంచుకోవడం

అచ్చుపుస్తకంలో గీత గీసిన వాక్యం ఆ పుటలోనే ఉంటుంది. దానిని చూడాలంటే ఆ పుట తీయాలి, తీసినప్పుడు చుట్టూ ఉన్న సందర్భం కూడా కంటబడుతుంది. ఈ-రీడర్‌లో గీత గీసిన వాక్యాలన్నీ విడిగా ఒక జాబితాలో చేరతాయి. కొంతకాలానికి పాఠకుడు గ్రంథాన్ని వదలి ఆ జాబితానే చదువుతాడు. ఇది తెలుగువారికి కొత్త కాదు. పెదపాటి జగ్గన ‘ప్రబంధరత్నాకరం’ వంటి సంకలనాలు పద్యాలను సందర్భం నుంచి వేరుచేసి వర్ణనల వారీగా కూర్చినవే. లుప్తమైన కావ్యాల పద్యాలు కొన్ని మనకు దక్కినది ఆ సంకలనం వల్లనే. అయితే జగ్గన ఎంపిక వెనుక వర్ణనాంశాల క్రమం ఉంది. ఈ-రీడర్ జాబితా వెనుక చదివిన క్రమం తప్ప మరొకటి లేదు. ఈ వ్యాసకర్త తన జాబితాలను పరిశీలించినప్పుడు కథాగమనాన్ని నడిపే వాక్యాలు వాటిలో లేవనీ, సూక్తిప్రాయమైన వాక్యాలు మాత్రమే పేరుకొన్నాయనీ తేలింది. నవలను గురించి ఆ జాబితా ఆధారంగా వ్రాసే విమర్శ ఆ నవలను సూక్తుల మూటగా చూపే అవకాశం ఉంది.

జ్ఞాపకానికి సంబంధించి విదేశాలలో జరిగిన పరిశీలనలు రెండింటిని ఇక్కడ స్మరించవచ్చు. ఆన్ మాంగెన్, సహపరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో 50 మందికి ఒకే అపరాధ కథను సగం మందికి అచ్చులో, సగం మందికి కిండిల్‌లో ఇచ్చారు. అవగాహనలో చాలా అంశాలలో రెండు వర్గాలూ సమానంగా నిలిచాయి. సంఘటనల కాలక్రమాన్ని గుర్తుచేసుకోవడంలోను, ఒక సంఘటన కథలో ఏ భాగంలో వచ్చిందో చెప్పడంలోను అచ్చుపాఠకులు మెరుగ్గా ఉన్నారు. 2018లో డెల్గాడో, సహపరిశోధకులు 54 అధ్యయనాలను సమీక్షించి, సమాచారప్రధాన రచనల అవగాహనలో అచ్చుకు ఆధిక్యం ఉందనీ, కేవల కథన రచనలలో ఆ భేదం కనిపించలేదనీ తేల్చారు.

ఈ ఫలితాలు తెలుగు పాఠాల మీద వచ్చినవి కావు. బొమ్మప్రతి పాఠకునికి పుట స్థిరంగానే ఉంటుంది. ‘కుడి పుట అడుగున’ అన్న జ్ఞాపకం కొంత నిలుస్తుంది. పోయేది మందం: చదివినది ఎంత, మిగిలినది ఎంత అని బొటనవేలికి తెలిసే కొలత. ‘మాలపల్లి’ వంటి బృహన్నవలలో ఈ కొలత కథనవేగాన్ని గురించిన అంచనాలో భాగం. తెర అడుగున కనిపించే శాతం అంకె ఆ పని చేయలేదు. అది ఎంత దూరం వచ్చామో చెబుతుంది, ఎంత బరువు దించుకొన్నామో చెప్పదు.

ఏ ప్రతి? ఎవరి ప్రతి?

విమర్శకునికి అన్నిటికన్న ముఖ్యమైన ప్రశ్న చదువుతున్న పాఠం ఏ ముద్రణకు చెందినదన్నది. ‘కన్యాశుల్కం’ 1897లో మొదటిసారి, విస్తృతంగా తిరగవ్రాసిన రూపంలో 1909లో రెండవసారి వెలువడింది. రెండూ రెండు నాటకాలనదగినంత భేదం గలవి. 1922 నాటి ‘మాలపల్లి’ నిషేధానికి గురై, కొన్ని భాగాల తొలగింపుతోనూ వెలువడిన నవల. ఇటువంటి గ్రంథాల ప్రవాహపాఠాలలో ముఖపత్రం, ముద్రణ సంవత్సరం, పీఠికలు తరచుగా ఉండవు. కథ మొదటి వాక్యంతోనే పుస్తకం తెరుచుకొంటుంది. ఇది పాఠకునికి సౌకర్యం, పరిశోధకునికి అగాధం. బొమ్మప్రతి చదవడానికి కష్టమైనా ముఖపత్రాన్ని దాచదు. చదవడానికి ప్రవాహపాఠం, ఉదాహరించడానికి బొమ్మప్రతి అన్న విభజనను ఈ వ్యాసకర్త పాటించడానికి కారణం ఇదే.

ఉదాహరణలో పుటసంఖ్య సమస్యకు మన సంప్రదాయంలోనే పరిష్కారం ఉంది. కావ్యాలకు ఆశ్వాసం, పద్యసంఖ్య ఇచ్చే పద్ధతి పుట మీద ఆధారపడదు. పుస్తకం ఏ పరిమాణంలో ఉన్నా, అసలు పుటలే లేకపోయినా అది చెల్లుతుంది. ప్రక్షిప్తాల వల్ల పద్యసంఖ్యలు ముద్రణకొక తీరుగా మారడం ఒక్కటే చిక్కు, ముద్రణను పేర్కొంటే అదీ తీరుతుంది. కథకూ నవలకూ ఇటువంటి పద్ధతి ఏర్పడలేదు. అధ్యాయసంఖ్య, అందులో పేరాసంఖ్య ఇచ్చే మర్యాదను పరిశోధనపత్రికలు ఏర్పరచుకోవడం ఉచితం.

‘ఎవరి ప్రతి’ అన్నది మరొక ప్రశ్న. 2009 జూలైలో అమెజాన్ హక్కుల వివాదం కారణంగా జార్జ్ ఆర్వెల్ ‘1984’, ‘యానిమల్ ఫామ్’ గ్రంథాల ప్రతులను కొన్నవారి కిండిల్ పరికరాల నుంచి దూరం నుంచే తొలగించింది. విమర్శలు వచ్చిన తరువాత ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. ఈ-పుస్తకం కొనడమంటే సాధారణంగా చదివే అనుమతిని కొనడమే. స్వగ్రంథాలయాన్ని శిష్యులకో, విశ్వవిద్యాలయానికో అప్పగించి వెళ్ళిన పండితుల వల్ల మన శాఖల గ్రంథాలయాలు పెరిగాయి. అనుమతులను వారసత్వంగా ఇవ్వడం అంత సులువు కాదు.

వర్తమాన సాహిత్యం లేని అలమర

ఈ-రీడర్‌లో తెలుగు చదివే అలవాటు కలిగించే పెద్ద ప్రమాదం ఇంతవరకు చెప్పిన వాటిలో లేదు. అది ఏ గ్రంథాలు దొరుకుతాయన్న దానిలో ఉంది. మన గ్రంథస్వామ్య చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. 1915లో మరణించిన గురజాడ, 1919లో మరణించిన కందుకూరి, 1940లో మరణించిన గిడుగు, 1958లో మరణించిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఇప్పుడు అందరివారు. 1976లో మరణించిన విశ్వనాథ రచనలపై 2036 చివరి వరకు, 1979లో మరణించిన చలం రచనలపై 2039 చివరి వరకు, 1980లో మరణించిన కొడవటిగంటి కుటుంబరావు రచనలపై 2040 చివరి వరకు హక్కులు ఉంటాయి. ఉచితంగా, చట్టబద్ధంగా, శ్రద్ధగా దిద్దిన ప్రవాహపాఠంగా దొరికే తెలుగు సాహిత్యం ఈ కారణం చేత ఇరవయ్యవ శతాబ్ది మధ్యభాగంతో ఆగిపోతుంది.

వర్తమాన సాహిత్యాన్ని మార్కెట్టు పూరించవలసింది. 2016 చివరలో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను ప్రవేశపెట్టినప్పుడు ఆ అయిదు భాషలలో తెలుగు లేదు. కినిగె వంటి తెలుగు వేదికలు సమకాలీన రచయితలను ఈ-పుస్తకాలుగా అందించడంలో చేసిన సేవ మరువరానిది. అయితే ఈ వ్యాసకర్తకు దొరికిన సమకాలీన తెలుగు ఈ-పుస్తకాలలో అధికభాగం ఫోను తెర కోసం ఉద్దేశించినవి, లేదా అచ్చుకు సిద్ధం చేసిన స్థిరపుటలు. తెలుగు ప్రచురణరంగంలో యూనికోడేతర ఖతులతో అక్షరకూర్పు దీర్ఘకాలం సాగడం ఇందుకు ఒక కారణం. ఆ కూర్పులను ప్రవాహపాఠంగా మార్చాలంటే మళ్ళీ దిద్దవలసి ఉంటుంది. ఫలితంగా ఈ వ్యాసకర్త ఈ-రీడర్‌లో గత కొన్నేళ్ళ పఠనం ఒక వింత ఆకృతి దాల్చింది: తెలుగులో పూర్వులు, ఆంగ్లంలో సమకాలికులు. దళిత, స్త్రీవాద, ముస్లిం, ప్రాంతీయ అస్తిత్వ సాహిత్యాలు, అంటే గత నలభై ఏళ్ళలో తెలుగు సాహిత్యాన్ని మలుపు తిప్పిన రచనలు ఆ అలమరలో దాదాపు కానరావు.

అచ్చుగ్రంథాలున్న ఇంట్లో పెరిగిన పాఠకుడు ఈ లోటును అలమర దగ్గరికి వెళ్ళి పూడ్చుకొంటాడు. పరికరంతోనే పఠనం ప్రారంభించే విద్యార్థికి, తెలుగు పుస్తకాల దుకాణం లేని నగరంలో నివసించే ప్రవాసాంధ్రునికి ఆ అవకాశం తక్కువ. అతని దృష్టిలో తెలుగు గౌరవించవలసిన పాత భాషగా, సమకాలీన జీవితం మరొక భాషలో జరిగే విషయంగా స్థిరపడే ప్రమాదం ఉంది. ఇది అభిరుచిలోని లోపం కాదు. హక్కుల కాలపరిమితి, ఖతుల చరిత్ర, మార్కెట్టు నిర్ణయం కలిసి నిర్మించిన సాహిత్యచరిత్ర. మనం తరగతి గదిలో చెప్పే సాహిత్యచరిత్రకు పోటీగా అది నిశ్శబ్దంగా వ్యాపిస్తున్నది.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తెలుగు పాఠకుని ఈ-రీడర్ పఠనం ఆంగ్ల పాఠకుని పఠనం వంటిది కాదు. అందులో బొమ్మప్రతికి ప్రాధాన్యం ఎక్కువ, అది అచ్చుగ్రంథాన్ని మళ్ళీ ప్రతిగా మారుస్తున్నది. ప్రవాహపాఠం పద్యపాదాన్ని కంటినుంచి తప్పించి చెవికి అప్పగిస్తున్నది, ఇందులో నష్టంతోపాటు లాభం కూడా ఉంది. వెదుకులాట తెలుగు సంధివ్యవస్థ ముందు అసంపూర్ణమైన సాధనం. ముద్రణ వివరాలు లేని పాఠం చదువుకోవడానికి సరిపోతుంది, ప్రమాణంగా స్వీకరించడానికి సరిపోదు.

వీటి దృష్ట్యా తెలుగు శాఖలు చేయదగిన పనులు మూడు ఉన్నాయి. సిద్ధాంతవ్యాసాలలో ఈ-పాఠాన్ని ఉదాహరించేటప్పుడు మూలముద్రణ, సంవత్సరం, ప్రతి లభించిన భాండాగారం, ఆశ్వాస-పద్య లేదా అధ్యాయ-పేరా సంఖ్యలు తప్పనిసరి చేయడం మొదటిది. ఎం.ఏ., పీహెచ్.డి. విద్యార్థుల చేత ఏటా ఒక గ్రంథాన్నైనా ముఖపత్రం, పీఠిక, పాఠాంతరాలు, అరసున్నలు, శకటరేఫలతో సహా శుద్ధమైన ప్రవాహపాఠంగా సిద్ధం చేయించడం రెండవది. గ్రంథపరిష్కరణను బోధించడానికి ఇంతకంటే ఆచరణాత్మకమైన మార్గం లేదు. జీవించి ఉన్న రచయితల నుంచి, హక్కుదారుల నుంచి అనుమతులు పొంది సమకాలీన రచనలను ఆ కృషిలో చేర్చడం మూడవది. మొదటి రెండింటికి శ్రద్ధ చాలు, మూడవదానికి రచయితలతోనూ ప్రచురణకర్తలతోనూ సంప్రదింపులు, కొంత ధనం అవసరం. అయినా దానినే ముందు తలపెట్టాలి. పాత గ్రంథాలు ఆలస్యంగానైనా తెర మీదికి చేరుతూనే ఉన్నాయి. మన కాలపు గ్రంథాలను మనం చేర్చకపోతే, రాబోయే పాఠకుని పరికరంలో మన కాలం ఖాళీగా మిగులుతుంది.